అరువదినాలుగు గడుల సంఖ్య

పెద్ద సంఖ్య యనగానే చాలమందికి వెంట వెంటనే రెండు భావములు కలుగును. మొదటిది ఆశ్చర్యము, రెండవది విసుగు. ఎన్ని అంకెలో అని విని ఔరా యనుకొందుము, మరుక్షణమున మరచిపోవుదుము. కాని మనుష్యులకు వలెనే సంఖ్యలకును ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్వభావము కలదు. ఒకసారి పరిచయము చేసికొన్నచో మరపునకు రానివి కొన్ని యున్నవి. అట్టి సంఖ్య నొకదానిని ఈ పూట శ్రోతలకు పరిచయము చేయదలచితిమి. కాగితము, పెన్సిలు దగ్గర నున్నవారు వ్రాసికొనవచ్చును. మెల్లగా చదివెదము. ఒకటి, ఎనిమిది, నాలుగు, నాలుగు, ఆరు. ఏడు, నాలుగు, నాలుగు, సున్న, ఏడు. మూడు, ఏడు, సున్న, తొమ్మిది, ఐదు. ఐదు, ఒకటి, ఆరు, ఒకటి, ఐదు.

మొత్తము ఇరువది అంకెలు. అచ్చులో చూచువారికి ఇది 18446744073709551615. కోట్ల లెక్కలో చెప్పవలెనన్న, 1,84,467 కోటి కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615.

ఈ సంఖ్య పుట్టిన కథ మీలో పెక్కుమంది ఎరిగినదే. చదరంగమును కనిపెట్టి రాజునకు సమర్పించిన పండితుడు బహుమానముగా బియ్యపు గింజలు కోరెను. మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టింపు చేయుచు అరువదినాలుగు గడులు నింపుమనెను. ఇంతేనా యని రాజు నవ్వి మాట యిచ్చెను. పిమ్మట కొలువులోని గణకులు లెక్క వేసి తెల్లబోయిరి. ఈ కథ భారతదేశమున జరిగినట్లుగా 13వ శతాబ్దిలో ఇబ్న్ ఖల్లికాన్ అను అరబ్బు రచయిత వ్రాసెను. అందు పండితుని పేరు సిస్సా. బియ్యము కాదు, గోధుమలని చెప్పువారును కలరు. ఏ గింజలైనను లెక్క ఒక్కటే.

ఆ లెక్క ఎట్లు వేయవలెను? అరువదినాలుగు సంఖ్యలను వరుసగా వ్రాసి కూడ నక్కరలేదు. మొదటి రెండు గడుల గింజలు కలిపిన మూడు. ఇది మూడవ గడిలోని నాలుగునకు ఒకటి తక్కువ. మొదటి మూడు గడులవి కలిపిన ఏడు. ఇది నాలుగవ గడిలోని ఎనిమిదికి ఒకటి తక్కువ. ఎంతవరకు పోయినను ఇంతే. కావున బల్లమీద లేని అరువదియైదవ గడి యొకటి ఉన్నదని భావించి, అందుండదగిన గింజలనుండి ఒకటి తీసివేసిన చాలును.

ఆ అరువదియైదవ గడికి చేరుటకును దగ్గరి దారి కలదు. రెండును రెండుతో హెచ్చించిన నాలుగు. నాలుగును నాలుగుతో హెచ్చించిన పదునారు. పదునారును దానితోనే హెచ్చించిన 256. దాని వర్గము 65,536. దాని వర్గము 4294967296. దాని వర్గమే మనకు కావలసినది. ఆరు గుణకారములతో పని ముగిసినది. భారతదేశమును గూర్చి మహాగ్రంథము వ్రాసిన అల్‌బిరూనీ, అంతకు పూర్వమే 1000వ సంవత్సర ప్రాంతమున, ప్రాచీన జాతుల కాలగణనమును గూర్చిన తన గ్రంథములో ఇట్లు వర్గములు చేయు మార్గముననే చదరంగపు లెక్కను వివరించెను.

తెలుగువారికి ఈ సంఖ్యతో వేయి సంవత్సరముల చుట్టరికమున్నదని చెప్పినను తప్పు లేదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమను పేర తెనిగించెను. ఆయన 11వ శతాబ్దివాడని చెప్పుదురు. చదరంగపు గడుల మొత్తమును ఇరువది అంకెలతో తెలుపు పద్యమొకటి ఆయనదిగా ప్రసిద్ధి చెందినది. అందు అంకెలుండవు, మాటలే యుండును. శశి యన్న ఒకటి. చంద్రుడు ఒక్కడే కదా. వేదములు నాలుగు. మన్మథుని శరములు ఐదు. కులపర్వతములు ఏడు, కావున గిరి యన్న ఏడు. దేహమున రంధ్రములు తొమ్మిది. గగనము శూన్యము. ఇట్టి పదములను వరుసగా కూర్చి, ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమవైపునకు అంకెలు వేసికొని పోవలెను. మేము ఆ పద్యములోని పదముల నొక్కొక్కటిగా అంకెలలోనికి మార్చి సరిచూచితిమి. ఇరువదింటిలో ఒక్క అంకెయైనను తప్పలేదు. తాటాకుమీది అంకె చెరిగిపోవచ్చును. లేఖకుడు నాలుగును ఏడుగా వ్రాయవచ్చును. పద్యమున మాట మారిన యతిప్రాసలు, గణములు చెడి తప్పు వెంటనే తెలియును. సంఖ్యను ఛందస్సులో బంధించుట కేవలము విలాసము కాదు. అది ఒక భద్రత.

ఇక దీని పరిమాణము. గింజ యొక్కటి ఇరువదియైదు మిల్లీగ్రాములు తూగుననుకొందము. అప్పుడు గ్రామునకు నలువది గింజలు, టన్నునకు నాలుగు కోట్ల గింజలు. పండితుని బహుమానము సుమారు 46,000 కోట్ల టన్నులగును. ఈ దశాబ్దమున ప్రపంచమంతయు కలసి ఏటా పండించు బియ్యము 50 కోట్ల టన్నులకు కొంచెము ఎక్కువ. అనగా భూమిమీద నొక్కరును తినకుండ తొమ్మిదివందల ఏండ్ల పంట కూడబెట్టినగాని రాజు మాట చెల్లదు.

కాలముతో కొలిచినను ఇంతే. 1883లో ఎదువార్ లూకాస్ అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటవస్తువును ప్రచారములోనికి తెచ్చెను. మూడు కడ్డీలు, వానిలో నొకదానికి పెద్దదానిమీద చిన్నదిగా అమర్చిన బిళ్ళలు. ఒక్కొక్క బిళ్ళను మాత్రమే తీయుచు, చిన్నదానిమీద పెద్దది పడకుండ, మొత్తమును వేరొక కడ్డీకి మార్చవలెను. దానితోపాటు ఒక కథయు వ్యాపించెను. కాశీలో ఒక ఆలయమున అరువదినాలుగు బంగారు బిళ్ళలు గలవనియు, అర్చకులు రేయింబవళ్లు వానిని మార్చుచుందురనియు, ఆ పని ముగిసిననాడు లోకము ముగియుననియు ఆ కథ. కాశీలో అట్టి ఆలయము లేదు. అది అల్లిన ముచ్చట. కాని అందలి గణితము నిజము. అరువదినాలుగు బిళ్ళలకు కనీసము ఎన్ని కదలికలు కావలెనో లెక్కించినచో సరిగా మన ఇరువదంకెల సంఖ్యయే వచ్చును. క్షణమున కొక కదలిక చొప్పున 58,000 కోట్ల సంవత్సరములకు పైగా పట్టును. ఈ విశ్వమునకు శాస్త్రజ్ఞులు కట్టిన వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు మాత్రమే.

ఇంతవరకు చెప్పినది దీని బాహ్యరూపము. లెక్కించుటకు విశ్వము వయస్సు చాలని ఈ సంఖ్య లోపల ఏమున్నదో తెలిసికొనుటకు మాత్రము అరగంట కాలము, అరఠావు కాగితము చాలును. అది యెట్లో చూతము.

పదివర్గము వంద. అందు ఒకటి తీసిన 99. అది 9, 11ల లబ్ధము. అనగా పదికి ఒకటి తక్కువ, పదికి ఒకటి ఎక్కువ. ఏ వర్గమునుండి ఒకటి తీసివేసినను ఇదే విధముగా రెండుగా విడిపోవును. మన సంఖ్య 4294967296 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ అని ముందే చూచితిమి. కావున అది 4294967295, 4294967297ల లబ్ధము. వీనిలో మొదటిది మరల 65535, 65537లుగా విడిపోవును. 65535 మరల 255, 257లుగా, 255 మరల 15, 17లుగా, 15 మరల 3, 5లుగా విడిపోవును. కోట తలుపులు ఒకదాని వెనుక నొకటి తెరచుకొన్నట్లు సంఖ్యయంతయు విప్పారినది. ఇప్పుడు మన చేతికి వచ్చిన కారణాంకములు ఆరు: 3, 5, 17, 257, 65537, 4294967297.

ఈ ఆరింటిని ఒక మహానుభావుడు మనకు ముందే చూచి యుండెను. ఆయన ఫెర్మా. వృత్తిచే న్యాయాధికారి, ప్రవృత్తిచే గణితజ్ఞుడు. తన కంటె చిన్న సంఖ్యలచే భాగింపబడనివి, అనగా తానును ఒకటియు తప్ప వేరు భాజకము లేనివి, ప్రధానసంఖ్యలు కదా. 3, 5, 17, 257, 65537 ఐదును ప్రధానసంఖ్యలే. కావున ఆరవదగు 4294967297 కూడ, ఆ పైవియు అట్టివే యని ఆయన నమ్మెను. 1640 మొదలు మిత్రులకు వ్రాసిన లేఖలలో ఈ మాట చెప్పెను. నిరూపణము తనకు దొరకలేదని ఒప్పుకొనుచునే, నమ్మకమును మాత్రము వదలలేదు. ఐదుమార్లు నిజమైనది ఆరవమారు కాకపోవునా?

తొంబది సంవత్సరములకు పైగా గడచినవి. 1732లో ఆయిలర్ ఆ ఆరవ సంఖ్య 641చే నిశ్శేషముగా భాగింపబడునని ప్రకటించెను. ఇది పెద్దల మాటగా నమ్మవలసిన పని లేదు. శ్రోతలు స్వయముగా చూడవచ్చును. 65,536ను 641చే భాగింపుడు. శేషము 154. ఆ 154ను 154తో హెచ్చింపుడు, 23,716 వచ్చును. 641ని 37తో హెచ్చించిన 23,717. అనగా ఒకటి మాత్రమే తక్కువ. 65,536 వర్గమే కదా 4294967296. కావున దానిని 641చే భాగించినను నిశ్శేషమగుటకు ఒకటి తక్కువ పడును. ఆ ఒకటి కలిపితిమా, ఫెర్మా చెప్పిన 4294967297 సిద్ధించును; శేషము మిగులదు. భాగలబ్ధము 6700417.

ఆయిలర్ 641ని గ్రుడ్డిగా వెదకి పట్టుకొనలేదు. ఈ ఆరవ సంఖ్యను భాగింపగల ప్రధానసంఖ్య ఏదైనను 64చే భాగించినప్పుడు ఒకటి శేషముగా నుండవలెనను నియమమును ఆయన కనిపెట్టెను. ఆ నియమమునకు లోబడు ప్రధానసంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే తాళము తెరచుకొన్నది. నియమము తెలియనివాడు చిన్న ప్రధానసంఖ్యలన్నిటిని వరుసగా పరీక్షించుచు నూరింటికి పైగా భాగహారములు చేయవలసి వచ్చెడిది.

ఫెర్మా జోస్యము అటుపైనను ఫలింపలేదు. ఐదవదానికి తరువాతి సంఖ్యలలో నేటివరకు పరీక్షకు లొంగిన ఒక్కటియు ప్రధానసంఖ్య కాలేదు. ఐదు నిదర్శనములు నమ్మకమునకు చాలునేమో కాని, నిరూపణమునకు చాలవు. ఈ గుణపాఠమును గణితము వెలుపల కూడ మనము స్మరించుట మేలు.

అట్లని ఫెర్మా సంఖ్యలు వ్యర్థము కాలేదు. వృత్తలేఖినిని, కొలతలు లేని బద్దను మాత్రమే వాడి ఏ క్రమబహుభుజులను గీయవచ్చునను ప్రశ్న గ్రీకుల నాటిది. వారు త్రిభుజమును, పంచభుజిని, ఈ రెండింటి చేరికచే పదునైదు భుజములదానిని గీసిరి. భుజములను రెట్టింపు చేయుటయు ఎరుగుదురు. రెండువేల ఏండ్లు అక్కడనే ఆగినది. 1796లో, పందొమ్మిదేండ్లు నిండని గౌస్ పదునేడు భుజముల క్రమబహుభుజిని గీయవచ్చునని నిరూపించెను. దాని వెనుకనున్న రహస్యము ఫెర్మా ప్రధానసంఖ్యలే. భుజముల సంఖ్య బేసియైనచో, అది వేరువేరు ఫెర్మా ప్రధానసంఖ్యల లబ్ధమై యుండవలెను. మనకు తెలిసినవి ఐదే. ఐదింటిని హెచ్చించిన 4294967295. గీయుటకు వీలైనవానిలో, బేసి భుజములు గలిగి మన మెరిగిన అతిపెద్ద క్రమబహుభుజి ఇదియే. చదరంగపు బల్లలో మొదటి సగము, అనగా ముప్పదిరెండు గడుల గింజల మొత్తమును ఇదియే. ఒక్క సంఖ్యలో ఒక ప్రక్క గౌస్ విజయము, మరొక ప్రక్క ఫెర్మా పరాజయము ప్రక్కప్రక్కన నున్నవి.

మొత్తముమీద మన సంఖ్యకు ప్రధాన కారణాంకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదియు రెండుమార్లు రాదు. వీనిని ఎన్నుకొను విధములను బట్టి మొత్తము భాజకములు 128. బల్లమీద ఎనిమిదవ గడిలోని గింజలును 128 అని జ్ఞాపకముంచుకొనుట సులభము.

ఇప్పుడు బల్లకు మూడు గడులు తగ్గింతము, లేదా మూడు గడులు చేర్తము. 64ను సగములు చేయుచు పోవచ్చును గనుక తలుపులు తెరచుకొన్నవి. 61, 67 ప్రధానసంఖ్యలు. సగము చేయుటకు వీలు లేదు. ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1644లో ఒక జాబితా ప్రకటించి, అందు 67 గడుల మొత్తము ప్రధానసంఖ్య యనెను, 61ని చేర్చలేదు. రెండును తారుమారైనవి. 1883లో పెర్వూషిన్ అను రష్యా దేశపు మతాచార్యుడు 61 గడుల మొత్తము ప్రధానసంఖ్య యని నిరూపించెను. 67 గడుల మొత్తము ప్రధానసంఖ్య కాదని లూకాస్ 1876లోనే కనుగొనెను. కాని దాని కారణాంకములెవ్వియో ఆయనకును తెలియలేదు. 1903 అక్టోబరులో న్యూయార్కు నగరమున జరిగిన గణితజ్ఞుల సభలో కోల్ అను ఆచార్యుడు అవి 193707721, 761838257287 అని చూపెను. నోట మాట పలుకక, నల్లబల్లమీద హెచ్చవేత మాత్రము చేసి కూర్చుండెననియు, సభ్యులు కరతాళధ్వనులు చేసిరనియు చెప్పుకొందురు. ఈ సంఖ్య మన సంఖ్యకు ఎనిమిది రెట్లు మాత్రమే. మనది అరఠావు కాగితమున విడిపోయినది. అది మెర్సెన్ నాటినుండి రెండున్నర శతాబ్దములు విడివడక నిలచినది. కావున సంఖ్య యొక్క కాఠిన్యము దాని పెద్దతనమున లేదు, నిర్మాణమున నున్నది.

ఈ మాట నేడు ప్రతి గృహమునకు సంబంధించినది. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను హెచ్చించుట క్షణములో పని. లబ్ధమును మాత్రమే యిచ్చి ఆ రెండింటిని చెప్పుమన్నచో దుస్సాధ్యము. రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు 1977లో ఈ భేదమునే తాళముగా మలచిరి. బ్యాంకులతో మనము ఫోనుమీద జరుపు వ్యవహారములను కాపాడు పద్ధతులలో ఇది యొకటి. అందు వాడు సంఖ్యలకు సాధారణముగా 617 అంకెలుండును. 250 అంకెల దానిని 2020లో అనేక కంప్యూటర్లు కలసి శ్రమించి విడదీసినవి. ఆ తాళమున మరొక మీటగా తరచు వాడబడు సంఖ్య యేదనిన, మన 65537.

కంప్యూటరు లోపలను మన సంఖ్య యున్నది. యంత్రమునకు సున్న, ఒకటి అను రెండే గుర్తులు. అట్టి గుర్తులు పట్టు గదులు అరువదినాలుగు వరుసగా నుంచినచో అందు పట్టు అత్యంత పెద్ద సంఖ్య సరిగా ఇదియే. గదులు చాలకున్న ఏమగునో 1996 జూన్ 4న లోకము చూచెను. ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టులో వేగమునకు సంబంధించిన ఒక కొలత పదునారు గదులలో పట్టనంత పెద్దదయ్యెను. దారి చూపు యంత్రము ఆగిపోయెను; బయలుదేరి నిమిషమైనను కాకమునుపే రాకెట్టు ముక్కలయ్యెను. కాలమును ముప్పదిరెండు గదులలో సెకండ్లుగా లెక్కించు పాత పద్ధతి 2038 జనవరి 19న నిండిపోవును. అందుచేతనే యంత్రములను అరువదినాలుగు గదుల పద్ధతికి మార్చుచున్నారు. మాట యిచ్చుటకు ముందు లెక్క చూచుకొనని రాజు కథ నేటికిని పాతబడలేదు.

ఇంట పిల్లలున్నవారు ఒక చిన్న పని చేయింపవచ్చును. బల్లమీద మొదటి వరుస ఎనిమిది గడుల గింజలు 255. వానిని మిగులు లేకుండ ఎందరికి సమానముగా పంచవచ్చునో పిల్లలను అడుగుడు. ఎనిమిది జవాబులున్నవి. ఆ ఎనిమిదింటిని సాధించిన పిల్లవాడు మన ఇరువదంకెల సంఖ్య మొదటి తలుపు తెరచినట్లే.